కమాన్ ఆయమ్మ

పుంగనూరు నుంచి మదనపల్లికి పోయే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ టికెట్టు తీసుకున్నది మొదలు సెల్‌ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొచ్చిన రోజులు. ఫోన్లో మాట్లాడడమంటే అవతలి ఊరికి నేరుగా వినపడేట్టు అరవడమేనని మా వైపు అందరి నమ్మకం. కాబట్టి ఆ కబురు నాకొక్కదానికే కాదు, డ్రైవరుకు కూడా తెలిసింది.

“ఎవురూ? కమాన్ ఆయమ్మా? అయ్యో దేవుడా, ఎప్పుడు? మా పిల్లోళ్ళిద్దురికీ ఆయమ్మే గదా కాన్పు చేసింది!”

ఆవిడ ఫోను దించేలోపలే ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగింది. “మదనపల్లి నర్సింగ్‌హోములో ఉండి కుప్పం తట్టు పోయిందే, ఆయమ్మేనా?”

“ఆయమ్మేనమ్మా. పోయిన వారమంట.”

“నా కూతురి కాన్పప్పుడు తలుపు బయట నిలబడుకోనుంటి. కమాన్ కమాన్ అని ఒకటే అరుపు. లోపల నొప్పులు పడతాండేది నా కూతురా ఆయమ్మా అని నాకే అర్థం కాలా.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఇంకో ఇద్దరు ముగ్గురు మాకూ ఆయమ్మే అన్నారు. ఒకామె “వన్ మోర్” అని, ఇంకొకామె “కీప్ గోయింగ్” అని ఆమె గొంతు పెట్టి మరీ చెప్పారు. కండక్టరు టికెట్లు చించుతూ, “మా ఇంట్లో కీప్ ఇట్ అప్ అంటే సాలు, మా యావిడ ఇప్పుటికీ కొట్టేకొస్తాది” అన్నాడు. ఒక మనిషి చావు కబురు విని బస్సంతా నవ్వుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ నవ్వులో చులకన లేదు. తమ ఒంట్లోంచి ప్రాణం బయటికి లాగిన రోజును తలుచుకుని నవ్వుతున్నారు, అంతే.

నేను మాత్రం నవ్వలేకపోయాను. కిటికీ అద్దం మూసి, చూపు బయట పెట్టుకుని కూర్చున్నాను.  మా వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతూ “కమాన్, కమాన్” అని అరిస్తే లోపలికి వచ్చి తలుపేసుకునే మనిషిని నేను. ఎందుకో మా ఇంట్లో వాళ్ళకు తెలుసు. ఆ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయమ్మకు ఒక పేరుండేది. హాజరు వేసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ దానితో పనిలేదు. పొట్టి మనిషి. ఆ మనిషికి ఆ చేతులు ఎలా వచ్చాయో అనిపించేంత పెద్ద చేతులు. కాన్పుల గదిలోకి అడుగు పెట్టేముందు గాజులన్నీ తీసి ఒక పెద్ద పిన్నీసుకు గుచ్చి నడుము దగ్గర పెట్టుకునేది. అందుకని ఆమె నడుస్తుంటే మోత చేతుల దగ్గర కాకుండా నడుము దగ్గర వినపడేది. నొప్పులు పడుతూ కళ్ళు మూసుకుని ఉన్నవాళ్ళకు కూడా ఆ మోత వింటే తెలిసిపోయేది, వచ్చిందిరా దేవుడా, ఇక మనల్ని వదిలిపెట్టదు అని.

ఆమె పుట్టింది కుప్పం దగ్గర గుడుపల్లె పక్కన గొర్రెలు మేపుకునే ఇంట్లో. చేతికి వచ్చిన పని అక్కడిది. అడ్డం తిరిగిన గొర్రెపిల్లను లోపల చెయ్యి పెట్టి సర్దడం పదేళ్ళు నిండకముందే నేర్చుకుందట. నోటికి వచ్చిన మాటలు మాత్రం వేరే చోటివి. చిన్న వయసులో ఎవరో తెల్ల నర్సమ్మ దగ్గర పనికి కుదిరింది. ఆ నర్సమ్మకు తెలుగు రాదు. అక్కడికి కాన్పుకు వచ్చేవాళ్ళకు తెలుగు తప్ప ఇంకేం రాదు. ఆ సంగతి ఆయమ్మ చెప్పే తీరే వేరు.

“ఆ యమ్మ కమాన్ అంటాది, ఈ యమ్మ ఓయమ్మో అంటాది. ఒకరి మాట ఒకరికి తెలీదు. అయినా బిడ్డలు పుట్నారా లేదా? మాట చెవికి తెలియాల్సిన పన్లేదు పాపా, నడుముకి తెలిస్తే సాలు.”

ఆ నర్సమ్మ తన దేశం పోయింది. ఆమె మాటలు మాత్రం ఈమె దగ్గర ఉండిపోయాయి. అవి తప్ప ఆయమ్మకు ఇంకే ఇంగ్లీషూ రాదు. మందు సీసా మీద పేరు చదవలేదు. కానీ మనిషిని ముందుకు తోసే మాట ఇంగ్లీషులో ఏది ఉన్నా ఆమె దగ్గర ఉండేది. దేన్ని ఎప్పుడు వాడాలో కూడా ఆమెకు ఒక లెక్క ఉండేది. మొదలు పెట్టడానికి కమాన్. దారిలో పడ్డాక కీప్ ఇట్ అప్. ఇక నావల్ల కాదని కాళ్ళు జాపేసినవాళ్ళకు కీప్ గోయింగ్. మొగుణ్ణి, మొగుడి వంశాన్నీ తిట్టడం మొదలు పెట్టినవాళ్ళకు డోంట్ గివ్ అప్. వన్ మోర్ అన్నది మాత్రం పచ్చి మోసం. ఇంకొక్కటే గదా అని ఒళ్ళంతా బిగబట్టి ముక్కితే, దాని వెనకాల ఇంకో వన్ మోర్ తయారుగా ఉండేది.

కాన్పుల గది బయట కూడా ఆమె నోరు ఊరుకునేది కాదు. ఒకసారి వానాకాలంలో టమోటా లారీ ఒకటి మార్కెట్టు రోడ్డులో బురదలో దిగబడింది. హమాలీలు తోస్తున్నారు, అది కదలడం లేదు. డ్యూటీకి పోతున్న ఆయమ్మ ఆగి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, లారీ పక్కన నిలబడి మొదలు పెట్టింది. “కమాన్! ఊపిరి బిగబట్టు! కీప్ గోయింగ్! వన్ మోర్!” లారీ బయటపడింది. హమాలీల్లో ఒకడు నుదుటి చెమట తుడుచుకుంటూ, “ఏం బిడ్డ ఆయమ్మా?” అని అడిగాడట. ఆ కథ మదనపల్లిలో చాలాకాలం తిరిగింది. మా అమ్మ చెప్తే నేను కూడా కడుపు పట్టుకుని నవ్విన రోజులున్నాయి. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు.

ఆడపిల్ల పుడితే ఆమె పెట్టిన ఒక కట్టుబాటు ఉండేది. గుమ్మం దగ్గర అత్తగారు ముఖం మాడ్చుకుని నిలబడి ఉంటుంది కదా. బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి, ఇవ్వబోయి, చేతులు వెనక్కి తీసుకునేది. “ముందు లోపలికి పోయి నీ కోడలికి వెల్ డన్ అని చెప్పిరాపో. చెప్పందే ఇయ్యను.” అత్తగారికి ఆ మాట తెలియదు, నోరు తిరగదు. వార్డులో నాలుగు మంచాల వాళ్ళు చూస్తుంటారు. చచ్చినట్టు పోయి కోడలి ముందు నిలబడి గొణిగేది. ఆ పూట దాకా కోడలిని పేరు పెట్టి కూడా పిలవని అత్తగార్లు వెల్ డన్ చెప్పారు. మా పుంగనూరు బజారులో ఒక బట్టల కొట్టు ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది, మా అత్త నన్ను జీవితంలో మెచ్చుకున్నది ఒక్కసారే, అదీ ఇంగ్లీషులో అని.

ఇంకొకటి కూడా చెప్పాలి. అయిపోయిన పనికి ఆమె తన నోటితో ఈ మాటలు ఖర్చు పెట్టేది కాదు. ఎవరో కుర్రాడు తనను పుట్టించిన ఆయమ్మే కదా అని పరీక్ష పాసైన మిఠాయి తెచ్చి ఇస్తే, “మంచిది నాయనా” అని ఊరుకుంది. ఏం, వాడికి కీప్ ఇట్ అప్ లేదా అని సిస్టరు ఆటపట్టించింది. “వాడు ఒడ్డుకి సేరినాడు గదా. ఈదతాండే వాళ్ళకి కావాల మాట” అంది ఆయమ్మ.

తొంభైల మధ్యలో నేను ఈదడానికి ఆమె చేతుల్లో పడ్డాను.

తొలి కాన్పు కాబట్టి పుంగనూరు నుంచి మదనపల్లికి, పుట్టింటికి తెచ్చారు. మంచి ఎండాకాలం. పొద్దున్నే నర్సింగ్‌హోముకు పోయాం. కాన్పుల గదిలో రెండు మంచాలు, మధ్యలో ఆకుపచ్చ కర్టెన్. నన్ను పడుకోబెట్టేసరికి అవతలి మంచం మీద ఎవరో మూలుగుతున్నారు. నా నొప్పులు ముదిరాక నాకు ఆ మూలుగు వినపడలేదు. నా అరుపులో నాకేమీ వినపడలేదు, ఆయమ్మ గొంతు తప్ప.

ఆ మధ్యాహ్నం ఆమె అనని మాట లేదు. నేను తిట్టని తిట్టూ లేదు. మా ఆయనను తిట్టాను, ఆయనను చూపించిన పెళ్ళిళ్ళ పేరయ్యను తిట్టాను, చివరికి ఆయమ్మను తిట్టాను. “తిట్టు పాపా, తిట్టు. తిట్టుకుంటానే ముక్కు. కీప్ ఇట్ అప్!” అంది. నాకు ఆ నొప్పిలోనే నవ్వొచ్చింది. నా జన్మలో అంత కష్టపడుతూ అంత ధైర్యంగా నేనెప్పుడూ లేను. ఆమె అరుస్తుంటే నేనేదో పందెంలో పరిగెత్తుతున్నట్టు, గెలవబోతున్నట్టు ఉండేది.

బిడ్డ బయటపడింది. తెలిసింది నాకు, ఒళ్ళంతా ఖాళీ అయిపోయినట్టు. ఏడుపు వినపడలేదు.

“ఏం బిడ్డ?” అని అడిగాను. ఎవరూ పలకలేదు. డాక్టరమ్మ తల దించుకుని నా దగ్గర ఏదో చేస్తూనే ఉంది. ఆయమ్మ చేతిలో గుడ్డ ఒకటి చూశాను. కర్టెన్ పక్కకు జరిగి మళ్ళీ మూసుకుంది. అంతే నేను చూసింది.

కాసేపటికి కర్టెన్ అవతల నుంచి మొదలైంది. “కమాన్. కమాన్. కీప్ గోయింగ్. వన్ మోర్. కమాన్ తల్లీ.”

అవతలి మంచం ఆమె వంతు వచ్చిందన్నమాట అనుకున్నాను. నా బిడ్డ ఏడవలేదు, నాకు ఎవరూ జవాబు చెప్పలేదు, ఈ మనిషి మాత్రం చేతులు దులుపుకుని పక్క మంచానికి పోయి మళ్ళీ అదే పాట అందుకుంది. చాలాసేపు వినపడింది. డాక్టరమ్మ నన్ను సిస్టరుకు అప్పజెప్పి కర్టెన్ అవతలికి పోయింది. ఆ గొంతు ఆగింది. డాక్టరమ్మ తిరిగొచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చెప్పింది. ఆడబిడ్డ అని, పేగు మెడకు చుట్టుకుందని, ఎవరూ చేయగలిగింది లేదని. ఆమె మంచి డాక్టరు. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. ఆ విషయంలో నాకెప్పుడూ ఎవరి మీదా అనుమానం లేదు.

నాకు చూపించలేదు. మా అమ్మ, మా అత్త, జన్మలో ఒక్కమాట మీద నిలబడనివాళ్ళు, ఆ రోజు ఒక్కమాటయ్యారు. “మొగం చూస్తే మనసులో పడిపోతాది. మళ్ళా కడుపుకి మంచిది కాదు” అన్నారు. నేను అడిగాను, ఏడ్చాను, లేవబోయాను. చూపించలేదు. మా చిన్నాన్న, మా ఆయన తీసుకుపోయారు. మా ఆయన కూడా గుడ్డ తొలగించి చూడలేదట. తర్వాత ఎన్నిసార్లు నిలదీసినా అదే చెప్పాడు. అంటే నా బిడ్డ ముఖం సరిగా చూసింది ఈ లోకంలో ఆయమ్మ ఒక్కతే. డాక్టరమ్మ చూసుంటుంది, కానీ ఊరి బిడ్డలందరినీ చూసే మనిషికి ఒక ముఖం గుర్తుంటుందా?

సాయంత్రం ఆయమ్మ వేడినీళ్ళు, గుడ్డలు పట్టుకుని నా మంచం దగ్గరకు వచ్చింది. నేను గోడవైపు తిరిగాను. ఆమె వాటిని మంచం పక్కన పెట్టింది. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ ఒక్కమాట అనలేదు. పోయింది.

ఆ గొంతు మాత్రం నాతో పుంగనూరుకు వచ్చేసింది. తడిసిన దుప్పటి పిండుతుంటే కమాన్ అనేది. బోరింగు కొడుతుంటే వన్ మోర్ అనేది. పిండి రుబ్బుతూ చెయ్యి నొప్పెట్టి ఆగితే, వెనకాల ఎవరో నిలబడినట్టు, కీప్ గోయింగ్. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఒంటికి కష్టమయ్యే పని ఏది చేసినా వచ్చేది. పిచ్చి పడుతుందేమోనని భయపడ్డాను. మా అత్త తాయెత్తు కట్టించింది. తాయెత్తుకు ఇంగ్లీషు రాదు కాబోలు, దానివల్ల ఏం కాలేదు.

దానికంటే చెడ్డది ఇంకొకటి. అవతలి మంచం మీద పుట్టిన బిడ్డ. ఆ రోజు, ఆ గదిలో, అదే గొంతు పిలిస్తే బయటికొచ్చి బతికిన బిడ్డ ఒకటి ఉంది కదా అని నాకు పట్టుకుంది. మదనపల్లికి పోయినప్పుడల్లా వెతికేదాన్ని. బజారులో తల్లి చంకలో ఉన్న పిల్లను చూస్తే నెలలు లెక్కపెట్టేదాన్ని. తర్వాత నడిచే పిల్లలను చూసేదాన్ని. ఆ తర్వాత బడి సంచులు తగిలించుకున్న పిల్లలను. ఈ పిల్లేనా, ఆ పిల్లేనా. నా బిడ్డకు దక్కని ఆ నిమిషం దక్కించుకున్న పిల్ల ఎలా ఉంటుందో చూడాలని. ఒకసారి గౌను వేసుకున్న ఒక పిల్ల వెనకాల వీధి చివరిదాకా పోయాను. వాళ్ళమ్మ తిరిగి, “ఎవరు కావాలమ్మా?” అంది. ఎవరని చెప్పను?

ఆయమ్మ మీద నాకు కోపం అని చెప్పడం చాలా తక్కువ మాట. ఆమె కాన్పు చేసిందని కాదు. నా బిడ్డ ఊపిరి సంగతి తేలకముందే ఆ నోరు ఇంకొకరికి ఎలా పలికింది అని. ఒక్కరోజు, ఒక్క గంట ఆ మాటలు ఊరుకోలేకపోయాయా అని.

పుంగనూరులో అన్నదమ్ములు కొట్టు పంచుకున్నాక మా ఆయన కుప్పంలో బోరు మోటార్ల షాపు పెట్టుకున్నాడు. కుప్పానికి కాపురం మార్చడంతో నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అక్కడ మదనపల్లి పిల్లలు ఉండరు. సగం తమిళం, సగం తెలుగు, మధ్యలో కన్నడం. ఎవరి మాట ఎక్కడిదో పట్టించుకునేవాళ్ళు లేరు. గ్రానైటు లారీల మోతలో ఆ గొంతు కూడా కాస్త తగ్గింది. ఆ ఊళ్ళోనే మళ్ళీ నీళ్ళోసుకున్నాను.

ఆస్పత్రికి మొదటిసారి పోయినప్పుడు వరండాలో ఒక మనిషి కిందనే కూర్చుని, కడిగి ఆరేసిన గ్లౌజుల్లో పౌడరు వేసి ఊదుతోంది. అప్పట్లో అవి పారేసేవాళ్ళు కాదు, కడిగి మళ్ళీ వాడేవాళ్ళు. ఊదితే గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి. నడుము దగ్గర గాజుల మోత విన్నాను. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

తన అక్కకు ఆరోగ్యం బాగాలేదని సొంత ఊరి పక్కకు వచ్చేసి, ఇక్కడ పనిలో చేరిందట. నన్ను చూడగానే గుర్తు పట్టింది. లేచి నిలబడింది.

“ఈమె ఉంటే నేను ఈడికి రాను” అన్నాను మా ఆయనతో. ఆమెకు వినపడేట్టే అన్నాను.

“రాకుంటే బెంగుళూరు రైలెక్కాల. నొప్పులొస్తే రైలు నీ కోసం ఆగతాదా?” అన్నాడు ఆయన.

ఆయమ్మ గ్లౌజు చేతిలో నలుపుతూ, “నేను పక్కనే ఉంటాను పాపా. నీకు ఇష్టం లేకుంటే నోరు తెరవను” అంది.

“ఆ ఇంగ్లీషు ముక్క ఒక్కటి నా చెవిలో పడిందంటే నేను మంచం దిగి పోతా.”

“సరే తల్లీ.”

మాట నిలబెట్టుకుంది. ఆ కాన్పు పొద్దున పూట. ఆమె నా కాళ్ళ దగ్గర నిలబడి, పైట కొంగు నోట్లో కుక్కుకుని, ఒక్కమాట అనలేదు. సిస్టర్లు ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె మెడ నరాలు నాకంటే ముందు ఉబ్బేవి. నిజం చెప్తాను, ఆ నిశ్శబ్దంలో ముక్కడం నరకం. పందెంలో పరిగెత్తుతుంటే చుట్టూ ఒక్క మనిషి లేనట్టు. అయినా నేను నోరు విడిచి అడగలేదు. నా పంతం నాది.

మగబిడ్డ. ఈసారి కర్టెన్ లేదు. కిటికీ కింద బల్ల, దాని మీద తెల్ల గుడ్డ. నాకు అన్నీ కనపడుతున్నాయి. బిడ్డ నల్లేరు కాడలా వేలాడుతున్నాడు. రంగు నీలం. ఏడవలేదు.

ఇక్కడి డాక్టరమ్మ వాడి ముక్కులో, నోట్లో ఉన్నది తీసింది. నాకు రక్తం ఆగడం లేదని సిస్టరు కేకేస్తే ఇటు పరిగెత్తింది. ఆయమ్మ బిడ్డ మీదికి వంగింది. గుడ్డతో వీపు రుద్దుతోంది, గొర్రెపిల్లను రుద్దినట్టు, గట్టిగా, ఆపకుండా. అరికాళ్ళు గోటితో కొడుతోంది. పైట కొంగు నోట్లోంచి జారిపోయింది. నాకిచ్చిన మాట కూడా దాంతోపాటే జారిపోయింది.

“కమాన్. కమాన్. కీప్ గోయింగ్. వన్ మోర్. కమాన్ నాయనా.”

అది ఆమె కాన్పుల గొంతు కాదు. కాన్పుకు ఆమె లారీ కదిలేట్టు అరిచేది. ఇది చిన్న గొంతు. చెవి దగ్గర పెట్టి చెప్పే గొంతు. ఆ గొంతు నాకు తెలుసు. నన్ను రోలు దగ్గర, బోరింగు దగ్గర, బట్టల రాయి దగ్గర వదలకుండా పట్టుకున్న గొంతు ఇదే. కర్టెన్ అడ్డం ఉండబట్టి చిన్నగా వినపడిందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను.

నేను మోచేతుల మీద లేవబోయాను. రక్తం పోతోంది, కదలొద్దని డాక్టరమ్మ భుజం అదిమింది.

బిడ్డ ఏడ్చాడు. మొదట పిల్లికూనలా, తర్వాత గదంతా అదిరేట్టు. ఆయమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. తర్వాత వాణ్ణి తెచ్చి నా ఎద మీద పెట్టింది. తప్పు చేసినదానిలా నా వైపు చూసి, “నోరు జారింది పాపా” అంది.

అందరూ పోయేదాకా ఆగాను. బిడ్డ పాలు తాగుతున్నాడు. ఆయమ్మ కింద పడ్డ గుడ్డలు ఏరుతోంది.

“మదనపల్లిలో ఆ పొద్దు, కర్టెన్ అవతల ఎవురుండ్రి?” అని అడిగాను.

“యాడ?”

“అవతలి మంచం మీద. కమాన్ కమాన్ అంటాంటివే. ఎవురు ఆమె? ఏం బిడ్డ పుట్టింది ఆమెకి?”

ఆయమ్మ గుడ్డలు కింద పెట్టేసింది. నా మంచం పక్కన కిందనే కూర్చుంది. 

“ఆడ ఎవురూ లేరు తల్లీ. పొద్దన ఉండిన ఆమెకి కాన్పయ్యి పైకి పంపించేసినాం. ఆడ ఉండింది నీ బిడ్డే.”

నేను వెతికిన పిల్లలందరూ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డారు. చంకలో పిల్ల, గౌను పిల్ల, బడి సంచుల పిల్లలు. వాళ్ళెవరూ కాదు. నాకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా బలం లేదు. బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకున్నాను.

“ఎంతసేపు చెప్పినావు?”

“డాక్టరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా. అప్పుడు గూడా నేను ఇడవలా. ఆ యమ్మే ఇడిపించింది.”

“తెలుగులో యాల చెప్పలా? తెలుగులో చెప్పింటే నాకు తెలిసేది గదా ఆయమ్మా.”

“తెలుగులో అయితే నాకు ఏడుపొస్తాది. ఏడిస్తే చేతులు ఆడవు.”

అప్పుడు అడిగాను. అన్నేళ్ళు ఎవరినీ అడగడానికి లేక దాచుకున్నది అడిగాను. ఎట్లుండింది అని.

“ఒత్తుగా జుట్టు తల్లీ. నుదురు నీదే. కుడి చెవి మడతబడి ఉండింది, నేను సరిజేసినా. నీళ్ళు పోసినా, వేడిగా. ఊరికే కడిగెయ్యలా, బతికిన బిడ్డకి పోసినట్టే పోసినా. పౌడరు గూడా రాసినా.” ఆమె తన పెద్ద చేతులను ఒళ్ళో పెట్టుకుని, ఇంకా అక్కడ ఏదో ఉన్నట్టు చూసుకుంది. “గుడ్డలో చుట్టినాక, మీ చిన్నాయన చేతికి ఇచ్చేముందు, వెరీ గుడ్ అని చెప్పినా.”

“పోయిన బిడ్డకా?”

“అంత దూరం వచ్చింది గదా తల్లీ. ఒక్కరన్నా చెప్పకుండా ఎట్ల పంపించేది?”